తొడగని జోళ్ళు

అనకాపల్లిలో మా ఇంట్లో, అమ్మ పట్టుచీరలు దాచుకునే బీరువా అడుగు అరలో నాలుగేళ్ళకు పైగా ఒక అట్టపెట్టె ఉంది. అందులో ఒక జత ఎయిర్ జోర్డన్ 4. 2021లో, లాక్‌డౌన్ పుణ్యమా అని ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న రోజుల్లో కొన్నాను. ఎంతకో అప్పుడు ఇంట్లో చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. అసలు ధరకి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ. ఒక్కసారి కూడా తొడగలేదు. తొడిగితే ధర పోతుందని కొనేటప్పుడు చెప్పారు. రెండేళ్ళకి అది మూడింతలవుతుందని కూడా చెప్పారు.

అమ్మ ఒకసారి అంది: "భరతుడు కూడా పాదుకలు పధ్నాలుగేళ్ళే దాచాడ్రా. తర్వాత తిరిగిచ్చేశాడు."

ఆలోచిస్తే మనవాళ్ళకి తెలిసినంతలో తొడగని జోడుని ఎత్తు మీద పెట్టి అపురూపంగా చూసుకున్న మొదటి మనిషి భరతుడే. కాకపోతే అవి అన్నగారి కాళ్ళకి తగిలిన పాదుకలు కాబట్టే వాటికి విలువ. ఇప్పటి కలెక్టర్ల లెక్క తిరగబడింది. ఏ కాలూ తగలకపోతేనే విలువ. వాళ్ళ భాషలో దీన్ని 'డెడ్‌స్టాక్' అంటారు. ఒకప్పుడు షాపువాడు అమ్ముడుపోక గోడౌన్లో పడేసిన సరుకుకి తిట్టులా వాడిన మాట అది. తిట్టు కాస్తా బిరుదు ఎప్పుడైంది, ఎలా అయింది అని వెతుకుతూ పోతే ఈ వ్యాసం తయారైంది.

మా వైపు చెప్పుల్నీ బూట్లనీ కలిపి జోళ్ళు అంటారు. జోడు అంటే జంట కదా, ఆ మాటలోనే రెండున్నాయి. తాత కాలంలో జోళ్ళంటే కిర్రు చెప్పులు. లందలో తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టిన తోలు, మందపాటి అట్ట, ఆముదం పట్టించి మెత్తబరిచిన పట్టీ. నడిస్తే కిర్రు కిర్రుమనేవి. ఆ చప్పుడు లోపం కాదు, హోదా. పెద్దమనిషి వస్తున్నాడని వీధికి ముందే తెలియాలి. ఇంగ్లీషులో 'స్నీకర్' అన్న మాట పుట్టుక దీనికి సరిగ్గా ఎదురు. రబ్బరు అడుగు కాబట్టి చప్పుడు కాదు, పిల్లిలా నక్కుతూ పోవచ్చు, అందుకని 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో ఆ పేరు పడింది. చప్పుడు చేసే జోడు దొరది, చప్పుడు చెయ్యని జోడు ఆటగాడిది. సెలబ్రిటీల కాళ్ళ వంక చూసి ఇది ఫలానా మోడల్, ఇది ఇన్ని లక్షలు అని ఇన్‌స్టాగ్రాంలో లెక్కలు వేసే పేజీలు చూసినప్పుడల్లా నాకు కిర్రు చప్పుడే వినిపిస్తుంది. రబ్బరు అడుగుకి కూడా మనం చప్పుడు నేర్పించేశాం.

ఆ కిర్రు చెప్పులు కుట్టే పెద్దాయన మా తాత దగ్గరకి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. డబ్బులు ఉండేవి కావు. కళ్ళంలో గింజలు, బెల్లం వండే కాలంలో నాలుగు అచ్చులు. నేను చూసింది చాలా చిన్నప్పుడు, ఆయన ఆఖరి రోజుల్లో. కొత్త జత గుడ్డలో చుట్టి తెచ్చేవాడు. ఆయన కాళ్ళకి మాత్రం ఏమీ ఉండేవి కావు. చెప్పుల్లేక కాదు. మా వీధి మొగలో చెట్టు కింద విడిచి వచ్చేవాడు. ఇది నాకు అప్పుడు వింతగా తోచలేదు. మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. చెప్పుల చరిత్ర రాద్దామని కూర్చుంటే, ఈ దేశంలో అది ఎవరు ఏం తొడిగారన్న దానికన్నా ముందు ఎవరు ఎక్కడ విడిచారన్న చరిత్ర అని అర్థమవుతుంది. ఆ పెద్దాయన మనవడు, నేను ఇంటర్ దాకా ఒకే బెంచీ. అతని గురించి మళ్ళీ వస్తాను.

అమెరికాలో కథ బాస్కెట్‌బాల్‌తో మొదలవుతుంది. కాన్వర్స్ వాళ్ళ ఆల్ స్టార్ 1917లో వచ్చింది. ఆ బూట్లని ఊరూరా తిప్పి అమ్మిన చక్ టేలర్ పేరు 1930లలో చీలమండ దగ్గరి బిళ్ళ మీదకి ఎక్కింది. ఆటగాడి పేరు పెట్టి బూటు అమ్మడం అక్కడి నుంచే. 1973లో పూమా వాళ్ళు వాల్ట్ ఫ్రేజియర్ ముద్దుపేరుతో క్లైడ్ తెచ్చారు. ఇప్పుడు చదివే వాళ్ళకి ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, 70లలో న్యూయార్క్ కుర్రాళ్ళకి బూట్ల విలువ పెట్టెలో ఉండేది కాదు. పాత బ్రష్షుతో తోముకుంటూ, లేసుల్ని వెడల్పు చేసి ఇస్త్రీ చేసుకుంటూ, ఎవరి దగ్గరా లేని రంగు కోసం ఊరవతల షాపులకి రైలెక్కి వెళ్ళేవాళ్ళు. వెతుకులాటే కలెక్షన్. దొరికాక తొడుక్కుని వీధిలోకి రావాలి, లేకపోతే దొరికినట్టు ఎవరికి తెలుస్తుంది? 1986లో రన్-డీఎంసీ బృందం అడిడాస్ బూట్ల మీద ఏకంగా పాటే కట్టింది. కంపెనీ వాళ్ళతో ఒప్పందం చేసుకున్నది ఆ తర్వాతే. అంటే అప్పటికి ఇంకా వీధి ముందు, కంపెనీ వెనక.

1985లో ఎయిర్ జోర్డన్ 1 వచ్చింది. 65 డాలర్లు. మొదటి ఏడాదే నైకీకి పన్నెండు కోట్ల డాలర్లకి పైగా తెచ్చిందని చెప్పుకుంటారు. చెప్పుకోనిది ఇంకోటుంది. ఆ ఊపులో మరీ ఎక్కువ తయారుచేసి, మరుసటి ఏడాదికి మిగిలిన జతల్ని తక్కువ ధరకి తోసేశారు. అలా చవగ్గా దొరికాయనే స్కేట్‌బోర్డు కుర్రాళ్ళు వాటిని కొని అరగదీశారు. 1994లో నైకీ మొదటిసారి పాత జోర్డన్లని మళ్ళీ విడుదల చేస్తే అవి కూడా అరల్లో మిగిలిపోయాయి. పాతదాన్ని కొత్తగా కొనాలన్న కోరిక ఇంకా పుట్టలేదు. ఇవాళ ఆ 1994 జతల కోసం జనం ఎంత పెడతారో చూస్తే, కోరిక కూడా తయారుచేసే సరుకే అనిపిస్తుంది.

కోరికతో పాటు నెత్తురు కూడా వచ్చింది. 1990 మే నెలలో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక, బూట్ల కోసం అమెరికా నగరాల్లో జరుగుతున్న దోపిడీల మీదా హత్యల మీదా ముఖచిత్ర కథనం వేసింది. ముందటి ఏడాది ఒక పదిహేనేళ్ళ కుర్రాడు కాళ్ళకున్న జోర్డన్ల కోసం హత్యకి గురయ్యాడు. 90ల నడుమ జపాన్లో ఎయిర్ మ్యాక్స్ 95 తొడుక్కున్న వాళ్ళని ఆపి దోచుకోవడానికి 'ఎయిర్ మ్యాక్స్ వేట' అని పేరే పెట్టారు.

అక్కడ కాళ్ళకి ఉన్న దాని కోసం చంపారు. ఇక్కడ? మైకేల్ జోర్డన్ తన మొదటి చాంపియన్‌షిప్ గెలిచింది 1991 జూన్‌లో, ఎయిర్ జోర్డన్ 6 తొడుక్కుని. జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు రెడ్డి కులస్థుడికి తగిలిందని గొడవ మొదలైంది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. ఈ రెండింటికీ సంబంధం లేదు, నాకు తెలుసు. కానీ నా బీరువాలో ఉన్న జత చరిత్ర వెతుకుతూ ఆ ఏడాది దగ్గర ఆగినప్పుడు, రెండో సంగతి పక్కకి తోసి ముందుకెళ్ళడం నావల్ల కాలేదు. కాలు అనేది మన దగ్గర ఏంటో తెలియకుండా ఆ కాలికి తొడిగే దాని మోజు గురించి మాట్లాడలేం.

మన వైపు స్నీకర్ మొదట బడి ద్వారా వచ్చింది. బాటా వాళ్ళు 1930లలో కలకత్తా దగ్గర బాటానగర్ కట్టి, ఆ దశాబ్దంలోనే తెల్ల కాన్వాస్ టెన్నిస్ షూ తీశారు. మనం దాన్ని పీటీ షూ అన్నాం. శనివారం తెల్ల యూనిఫాం, తెల్ల షూ. మట్టి అంటితే సుద్దముక్క రుద్దడం. ప్రార్థన టైములో మాస్టారు వరసలో నడుచుకుంటూ కాళ్ళు చూసేవాడు. మా క్లాసులో సగం మందికి అదొక్కటే బూటు జీవితం. ఇప్పుడు ఆ బాటా టెన్నిస్ 'రెట్రో' అయి పెద్ద ఊళ్ళలో ఫ్యాషన్‌గా అమ్ముడవుతోంది. సుద్ద రుద్దిన వాళ్ళకి నవ్వొస్తుంది.

1987లో 'పసివాడి ప్రాణం'లో చిరంజీవి బ్రేక్ డాన్సు వచ్చాక కాలి వంక చూడటం మొదలైందని మా బాబాయి అంటాడు. లిబర్టీ, యాక్షన్, పవర్ ఆ తరం పేర్లు. రీబాక్, నైకీ 1995లో, అడిడాస్ 1996లో ఇండియాలో దుకాణం తెరిచినా అనకాపల్లికి అవి చాలా కాలం బొమ్మలే. మాకు విశాఖపట్నం జగదాంబ జంక్షన్ ఫుట్‌పాత్ ఉండేది. 'నైక్' కాదు 'నిక్', అడిడాస్‌కి మూడు కాదు నాలుగు గీతలు. ఇప్పటి నకిలీలకి ఉన్న సిగ్గు వాటికి లేదు. తప్పు స్పెల్లింగుతో ధైర్యంగా ఉండేవి.

తర్వాత సూట్‌కేసుల కాలం. 2000ల తర్వాత అమెరికా వెళ్ళిన ప్రతి తెలుగు ఇంజనీరూ సెలవులకి వచ్చేటప్పుడు ఔట్‌లెట్ మాల్ బూట్లు తెచ్చేవాడు. ముందు పాదం కొలత పంపాలి. తెల్ల కాగితం మీద కాలు పెట్టి పెన్సిలుతో గీసి, ఫోటో తీసి మెయిల్ చేసిన బాపతు నేను. మా పెదనాన్న కొడుకు డిసెంబరులో వస్తే ఆ రాత్రి సూట్‌కేసు విప్పడం ఒక కార్యక్రమం. బాదంపప్పు, చాక్లెట్లు, సబ్బులు, అడుగున బూట్లు. నా ఎరికలో రీసేల్ అనే వ్యాపారం ఇక్కడే మొదలైంది. సైజు సరిపోనివి ఎవరికో అమ్మేవాళ్ళం, డాలరు రేటు కట్టి, పైన ఇంకొంచెం వేసుకుని. చుట్టాలకి కూడా.

అమెరికాలో ఆ వేళకి ఆట మారిపోయింది. 2005 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో జెఫ్ స్టేపుల్ రూపొందించిన నైకీ డంక్ 'పీజియన్' విడుదలైంది. మొత్తం 150 జతలు. చలిలో రోజుల తరబడి క్యూ, తోపులాట, పోలీసులు. మర్నాడు న్యూయార్క్ పోస్ట్ మొదటి పేజీలో అదే వార్త. క్యూలో నిలబడ్డ వాళ్ళలో అందరూ తొడుక్కోవడానికి రాలేదన్నది ఆ రోజు జనానికి తెలిసింది. తక్కువ తయారుచెయ్యడమే ప్రచారం అని కంపెనీలకి కూడా తెలిసింది.

2016లో డెట్రాయిట్‌లో స్టాక్‌ఎక్స్ మొదలైంది. దాన్ని అందరూ బూట్ల స్టాక్ మార్కెట్ అన్నారు. కొనేవాడు ఒక ధర పెడతాడు, అమ్మేవాడు ఒక ధర పెడతాడు, రెండూ కలిస్తే బేరం. నాకు మాత్రం అది మా బెల్లం మార్కెట్టు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలో పేరున్నది. చిన్నప్పుడు తాతతో వెళ్ళేవాణ్ణి. దిమ్మలు వరసగా పేర్చి ఉంటాయి. వ్యాపారులు ముక్క విరిచి నాలిక్కి తగిలించి చూస్తారు గానీ, పాటలో ధర పలికేది ముఖ్యంగా రంగుకి. బంగారు రంగుకి ఒక రేటు, నల్లదానికి ఒక రేటు. తినేవాడికి నల్లబెల్లమే మంచిదని తాత ఇంటికొచ్చి చెప్పేవాడు. మార్కెట్టులో చెప్పేవాడు కాదు. రంగుకే రేటు కాబట్టి హైడ్రోస్ కలిపి తెల్లబరచడం మొదలైంది. బూట్లలో కూడా అంతే. ఒకటే అచ్చు, ఒకటే తోలు, రంగుల పొందిక మారితే ధర పదింతలు. ఆ రంగు కోసం చైనాలోని పుతియెన్‌లో అచ్చుగుద్దినట్టు నకిలీలు తయారవుతాయి. 2022లో నైకీ కోర్టుకెక్కి, అసలువేనని పరీక్షించి పంపినట్టు చెప్పిన స్టాక్‌ఎక్స్ నుంచే తాము నాలుగు నకిలీ జతలు కొన్నామని చెప్పింది. బెల్లం రైతుకీ స్నీకర్ రీసెల్లర్‌కీ ఒక్కటే తేడా. రైతుకి పాటలో ధర నచ్చకపోతే దిమ్మలు వెనక్కి తీసుకెళ్ళే దమ్ము ఉండదు.

2019 నుంచి వేలం సంస్థలు దిగాయి. 1972 నాటి నైకీ 'మూన్ షూ' సదబీస్ ద్వారా 4,37,500 డాలర్లకి పోయింది. 2021లో కాన్యే వెస్ట్ తొడిగిన యీజీ నమూనా జత 18 లక్షల డాలర్లకి, 2023లో జోర్డన్ 1998 ఫైనల్స్‌లో వాడిన జత 22 లక్షల డాలర్లకి. (చివరి రెండూ వాడిన జతలేనని గమనించండి. భరతుడి లెక్క పైస్థాయిలో ఇంకా చెల్లుతోంది.) మన దగ్గర 2016లో ఢిల్లీలో వెజ్‌నాన్‌వెజ్, ఆ తర్వాత ముంబైలో సూపర్‌కిక్స్, పూణే కుర్రాడు వేదాంత్ లాంబా మొదలుపెట్టిన మెయిన్‌స్ట్రీట్ వచ్చాయి. కొన్నాళ్ళకి జూబ్లీహిల్స్ వైపు కూడా అద్దాల అరలు వెలిశాయి.

ఇక నా పాపం. 2020 వేసవిలో 'ది లాస్ట్ డాన్స్' చూసి ఊగిపోయిన లక్షల మందిలో నేనొకణ్ణి. జీతం వస్తోంది, ఖర్చు పెట్టడానికి బయట ఏమీ లేదు. షాపులు ఆన్‌లైన్లో లాటరీలు పెట్టేవి. పేరు, మెయిల్, సైజు ఇస్తే డ్రా తీస్తారు. నా వృత్తే అది. ఒక శనివారం కూర్చుని, నలభై మెయిల్ ఐడీలతో ఫారాలు నింపే చిన్న ప్రోగ్రాం రాశాను. మనిషిలా కనిపించడానికి ఫారానికీ ఫారానికీ మధ్య విరామం కూడా పెట్టాను. రెండు జతలు తగిలాయి. రెండూ అమ్మేశాను. తెలివికి వచ్చిన డబ్బు అనుకున్నా. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి, ఒక రీసెల్లర్ దగ్గర బీరువాలో ఉన్న ఈ జోర్డన్ 4 కొన్నాను. నలభై పేర్లలో నిజమైన ఒక్కడు పెట్టిన ఒక్క ఫారం ఎక్కడో మునిగిపోయి ఉంటుందన్నది అప్పుడు తట్టలేదు. అమెరికాలో ఇదే ఆట పెద్దస్థాయిలో నడిచింది. 2021 మార్చిలో నైకీ ఉపాధ్యక్షురాలొకరు కొడుకు రీసేల్ వ్యాపారం సంగతి పత్రికలకి ఎక్కడంతో రాజీనామా చేశారు.

గాలి దిగిపోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నైకీ 2021లో నలుపు-తెలుపు డంక్ 'పాండా' తెచ్చి, గిరాకీ చూసి మళ్ళీ మళ్ళీ ముద్రిస్తూ పోయింది. కాలేజీ గేటు దగ్గర నిలబడితే పదిలో నాలుగు జతలు అవే. 2022 అక్టోబరులో అడిడాస్, కాన్యే వెస్ట్ యూదులపై చేసిన వ్యాఖ్యల తర్వాత యీజీ ఒప్పందం తెంచుకుంది. డబ్బు మళ్ళీ ఖరీదయ్యింది, జనం ఆఫీసులకి పోయారు. నా జత ఇప్పుడు నేను పెట్టిన దాంట్లో సగానికి కూడా పోదు.

ఈ మొత్తం కథలో ఎవరూ అడగని ప్రశ్న, ఎవరు కుట్టారని. మన రాష్ట్రంలోనే, తడ మండలం మాంబట్టులో అపాచీ అనే తైవాన్ గ్రూపు ఫ్యాక్టరీ ఉంది. అడిడాస్ బూట్లు అక్కడ తయారవుతాయి. పనిచేసే వాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు. కలెక్టర్లు పెట్టె మీద స్టైల్ కోడ్ చదువుతారు, కుట్టు గీత వంకర ఉందా అని భూతద్దంతో చూస్తారు. వంకర ఉంటే నకిలీ అంటారు. కుట్టిన చెయ్యి మనిషిదేనన్న అనుమానం రాదు.

నా బెంచీమేట్ దగ్గరకి వస్తాను. వాళ్ళ నాన్న 80లలో స్టీల్‌ప్లాంటులో చేరాడు. ఏడాదికోసారి ఇచ్చే సేఫ్టీ షూ ఆ ఇంట్లో మొదటి బూటు. అది తొడుక్కుని ఆయన మా వీధి లోంచి నడిచిన రోజు గురించి మావాడు చెప్పాడు, నాకు తెలియదు. మా తాత అరుగు మీదే ఉన్నాడట. ఎవరూ ఏమీ అనలేదట. "అనలేదని మా నాన్న ఇప్పటికీ సెప్తాడు. అనకపోడం గొప్పేటి?" అన్నాడు మావాడు.

అతను గాజువాకలో రీసేల్ పెట్టి 2021లో నాకన్నా బాగా సంపాదించాడు. అతని దగ్గర తొడగని జత ఒక్కటి కూడా లేదు. అమ్మేవి అమ్మేస్తాడు, తనవి తొడుక్కుంటాడు. నా పెట్టె సంగతి విని నవ్వాడు. "ఏట్రా, పూజగదిలో పెడతావేటి? అది నడవకపోతే సస్తాది." మాటవరసకి అన్నాడనుకున్నా. నిజమేనట. జోర్డన్ 4 లాంటి వాటి అడుగులో ఉండే పాలీయురిథేన్ గాలిలోని తేమకి లోపల్లోపల కరుగుతుంది. కాలి ఒత్తిడి పడుతుంటే నెమ్మదిగా, వాడకుండా మూసిపెడితే ఇంకా త్వరగా. పదిహేను ఇరవై ఏళ్ళకి, ఒక్కరోజూ తొడగని జత చేతిలో పట్టుకోగానే బెల్లం ముక్కలా పొడి రాలుతుంది. వానాకాలం బెల్లం చెమర్చకుండా మా వాళ్ళు కోల్డ్ స్టోరేజీలో పెడతారు. బూట్లకి సిలికా జెల్ పొట్లాలు పెడతారు. సముద్రం పక్కనున్న ఊళ్ళో రెండిటికీ గ్యారంటీ లేదు.

రీసేల్ పడిపోయాక మావాడి షాపులో సగం కౌంటరు మారింది. ఇప్పుడు పాత బూట్లు శుభ్రం చెయ్యడం, రంగు వెయ్యడం, ఊడిన అడుగు తీసి కొత్తది అతికించి కుట్టడం. విశాఖ కాలేజీ పిల్లలు, హైదరాబాద్ నుంచి కొరియర్లు. మొన్న వెళ్ళినప్పుడు బల్ల మీద రసాయనాల సీసాల పక్కన తాతగారి ఆరె కనిపించింది, కొత్త చెక్క పిడి వేసి. మందపాటి అడుగుకి అంత బాగా దిగే సూది ఆన్‌లైన్లో దొరకలేదన్నాడు.

"ఇంట్లో తెలుసా?" అన్నాను.

"రిపేరు సంగతా? సెప్పలేదు. ఆన్‌లైన్ బిజినెస్సని సెప్పాను. ఆరె ఏదని నాన్న అడిగితే, ఎవరో మ్యూజియంకి అడిగితే ఇచ్చీసేనని సెప్పాను." కాసేపు లేసు దువ్వుతూ ఊరుకున్నాడు. "అది పట్టుకోకూడదనే కదరా నన్ను ఇంజనీరింగు సదివించేడు."

నాకేం అనాలో తెలియలేదు. అరుగు సంగతి, చెట్టు కింద విడిచిన చెప్పుల సంగతి అతనికి నాకన్నా తెలుసు.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, వచ్చేవారం ఆ జోర్డన్ పెట్టె పట్టుకు రమ్మన్నాడు. అడుగు ఇంకా గట్టిగానే ఉందేమో నొక్కి చూస్తాడట. సైజెంత అని అడిగాడు. తొమ్మిది అన్నా. తనదీ తొమ్మిదేనన్నాడు.